ఎగ్జామినర్ గారి పసుపు మంట

ప్రాక్టికల్ పరీక్షలకు బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు పెళ్లివారికి పెట్టినట్టు భోజనం పెట్టడం మా కాలేజీలో ఆనవాయితీ. పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ, వెళ్లేటప్పుడు చేతికి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. "పరీక్ష పిల్లలకా, ఆయన జీర్ణశక్తికా?" అని నేను ఏటా స్టాఫ్ మీటింగులో అడుగుతాను. "మర్యాద మేడమ్, గోదావరి జిల్లాల మర్యాద" అని ప్రిన్సిపాల్ గారు ఏటా అంటారు. ఓడిపోతానని తెలిసినా అడగడం మానను. అయితే హోటలు ఆవకాయ పెట్టి పరువు తీసుకోవడం నాకు గిట్టదు కనుక, మా ఇంటి జాడీలోంచే సీసాకెత్తి పట్టుకెళ్తాను. అది వేరే సంగతి.

నేను చెప్పేది కెమిస్ట్రీ. పరీక్షలో ప్రతి విద్యార్థికీ పేరు చెప్పకుండా ఒక పొడి ఇస్తాం. అందులో ఏ లోహం ఉందో కనిపెట్టాలి. పొడిని చుక్క ఆమ్లంతో కలిపి, తీగ కొసకు అంటించి బర్నరు మంటలో పెడితే, లోహం వేడెక్కి తన రంగు తాను చూపిస్తుంది. బేరియంది ఆపిల్ పచ్చ అని పుస్తకం. గోదావరి పిల్లలకు పచ్చ ఆపిల్ ఎందుకు? లేత అరటాకు అని చెబుతాను, ఇక మర్చిపోరు. కాల్షియంది ఇటుక ఎరుపు. దానికి పోలిక వెతకక్కర్లేదు, ఏటిగట్టు వెంట బట్టీలు బోలెడు. సోడియంది పసుపు. అది మా పెద్దాడపడుచు లాంటిది. రవ్వంత ఉన్నా చాలు, ఇంకెవరినీ మాట్లాడనివ్వదు.

మొన్నటి పరీక్షకు నిడదవోలులో రైలు దిగి ఒక పెద్దమనిషి వచ్చారు. ఇస్త్రీ నలగని చొక్కా, మాటకు ముందొక దగ్గు. భోజనం చేసి, చేతులు కడుక్కుని, కర్చీఫుతో తుడుచుకుంటూ ల్యాబులోకి వచ్చి సరిగ్గా ఒక పిల్ల బల్ల దగ్గర ఆగారు. పెనుగొండ అవతల పల్లె నుంచి బస్సులో వచ్చే పిల్ల. మాట తక్కువ, మొండితనం ఎక్కువ, అందుకే నాకిష్టం. థియరీ అంతంతమాత్రం. ఈ ప్రాక్టికల్ మార్కులే గట్టెక్కించాలి. ఆ సంగతి తనకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఇటుక ఎరుపు చూశానని రాశావు. ఏదమ్మా?" అంటూ తీగ ఆయనే అందుకున్నారు. వంకరగా ఉందని రెండు వేళ్లతో సాపు చేసి, పొడి అద్ది, మంటలో పెట్టారు. పసుపు. మళ్లీ పెట్టారు. పసుపే.

"ఇది ఇటుకా?"

"కాదండి."

"మరి?"

"నేను పెట్టినప్పుడు ఇటుకేనండి."

"ఓహో. నేను పెడితే పసుపు, నువ్వు పెడితే ఇటుక." నా వైపు తిరిగారు. "జవాబు కాల్షియమే మేడమ్, కాదనను. పిల్ల చూసి రాసిందా, ఎవరైనా చెవిలో వేస్తే రాసిందా అని. చూడనిది రాస్తే మార్కులు వెయ్యలేనండి."

ఆ ఎవరైనా నేనే. పిల్ల ఏడవలేదు. గడ్డం మాత్రం కొంచెం పైకి లేచింది.

నేను పెట్టెలోంచి కొత్త తీగ తీసిచ్చాను. "సార్, పొడి అద్దకుండా ఇది పెట్టండి."

"ఖాళీ తీగకి రంగేంటండి?"

"ఉండదు కదండీ. పెట్టండి మరి."

అలవాటు ఎక్కడికి పోతుంది, దాన్నీ వేళ్లతో సాపు చేసి మంటలో పెట్టారు. పసుపు.

"ఆ పసుపు మీదండి" అన్నాను. "చెయ్యి కడిగారు గానీ, మా ఆవకాయ ఉప్పులోని సోడియం ఒక్క కడుగుడుకి వదలదు. మారు కలుపుకున్నారు కూడాను."

ఆయన వేళ్లు వాసన చూసుకున్నారు. నేను వాదనకు సిద్ధంగా కొంగు దోపుకున్నాను గానీ అవసరం పడలేదు. ఆయన తీగ పిల్ల చేతికిచ్చి, "నువ్వే పెట్టమ్మా" అన్నారు.

పిల్ల తొందరపడలేదు. తీగను ఆమ్లంలో ముంచడం, కాల్చడం, మళ్లీ ముంచడం, మంటలో ఏ రంగూ రాకుండా పోయేదాకా. అప్పుడు పొడి అద్ది పెట్టింది. ఆ రంగు ఎక్కువసేపు ఉండదు. ఉన్నంతసేపూ బట్టీలోంచి అప్పుడే లాగిన ఇటుక.

"చూశారాండి?" అంది పిల్ల, ఎగ్జామినర్ తనే అయినట్టు.

"చూశానమ్మా" అని ఆయన బుద్ధిగా మార్కులు వేశారు. పిల్ల వాటి వైపు ఓరగా చూసి, బ్యాగు భుజాన వేసుకుని బస్సుకి పరుగెత్తింది.

పూతరేకుల పెట్టె చేతికిస్తుంటే ఆయన గొంతు తగ్గించారు. "ఆ ఆవకాయ ఏ హోటల్దండి?"

"మా ఇంటిదండి."

"ఏవన్నా మిగిలిందా?"

"లేదండి, మీరే తినేశారు."

అబద్ధం. సీసా అడుగున ముక్కలున్నాయి. ఆయన గేటు దాటాక స్టాఫ్‌రూములో తీరిగ్గా పెరుగన్నంలో నంజుకు తిన్నాను. ఈసారి మీటింగులో భోజనం వద్దనను. పక్కన ఒక చెంచా పెట్టమంటాను. దానికీ మర్యాద అడ్డొస్తుందంటారు, చూద్దాం.

గ్యాసు కట్టెయ్యడానికి ల్యాబుకి వెళ్తే ఒక బర్నరు ఇంకా వెలుగుతోంది. శుభ్రమైన తీగ ఒకటి తీసి, చెయ్యి కడుక్కున్నాను కదా అనుకుంటూ వేళ్లతో దాని కొస సాపు చేసి, మంటలో పెట్టాను.

పసుపు. మంచి ఆవకాయే.