బావ స్క్వాడ్రన్‌కి మా ఊరి పరామర్శ

మొన్న పలాస బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, కొట్లోని టీవీలో ఏవో పాత యుద్ధవిమానాలకు వీడ్కోలు చెబుతున్నారు. పక్కనున్నాయన నింపాదిగా “పాత ఇనప కొట్టుకి అమ్మేత్తారు కాబోలు” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. టీ సగంలో వదిలేసి బస్సెక్కినా, ఆ మాట మా ఊరు డొంకూరు దాకా నా వెంటే వచ్చింది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేలు దాటిన ఆ తొలి ఏళ్లలో ఊళ్లో ఒక్కడు మిలిటరీలో ఉంటే ఊరంతా మిలిటరీలో ఉన్నట్టే. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ఒక ఫైటర్ స్క్వాడ్రన్‌లో విమానాల ఇంజన్లు చూసేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా దాని చరిత్రను సొంత వంశచరిత్రలా చెప్పేవాడు; మొదట ముక్కు మీద పంకా తిరిగే విమానాలట, తర్వాత జెట్లట, యుద్ధాలు చూసిందట, ఊళ్లు మారిందట, పైలట్లు మారారట, మారనివల్లా దాని నంబరూ, దాని గద్దబొమ్మా. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తూ నేను ఆ చరిత్రకు కాస్త ఉప్పూకారం చేర్చి పంచేవాణ్ణి. బావ విమానం మా ఉద్దానంలో కంచిలి మీద కిందికి దిగితే ఆ గాలికి కొబ్బరికాయలు రాలి, వాటంతటవే పీచు వొలుచుకుని కుప్పపడ్డాయంటే నమ్మనివాళ్లు లేరు. తన తోట మీద కూడా ఓసారి తిప్పించమన్న ఆసామీ ఉన్నాడు.

ఒక ఏడు బావ దిగులుగా వచ్చాడు. విమానాలు పాతబడ్డాయని స్క్వాడ్రన్ మూసేసి, తనను వేరేచోటికి వేశారన్నాడు. ఆ మాట వీధి చివరికి చేరేసరికి విమానాలన్నీ సముద్రంలో పడిపోయాయి. అందులో నా చెయ్యి లేదు, ఒట్టు. మర్నాడు పొద్దున్నే, పడవ మునిగిన ఇంటికి వచ్చినట్టే, ఆడవాళ్లు గంజి కుండలతో వచ్చి మేనత్త చుట్టూ కూర్చున్నారు. మగవాళ్లు ఆ పూట చేపల వేట మానేశారు.

“ఎవులూ పోనేదు పిన్నీ, నంబరు దాసిపెట్టారంతే. కొత్త ఇమానాలొచ్చాక మళ్లీ ఆటికిత్తారు” అని బావ ఎంత మొత్తుకున్నా, దుఃఖంలో ఏదో అంటున్నాడని వీపు నిమిరారు. చూసి చూసి నేను లేచి, ఒక్క ముక్క కల్పించకుండా మొత్తం చరిత్ర చెప్పాను. “ఈ పూటైనా కోతలు ఆపరా” అన్నాడు చిన్నాన్న. నోరారా నిజం చెబితే దక్కిన మర్యాద అది.

చివరికి మేనత్తే తేల్చింది. “మన పాత నావ ఇప్పేసి, ఆ పేరే కొత్త నావకి ఎట్టనేదేటి? ఇదీ అలగేనేటి నాయినా?” బావ తలూపాడు. అందరూ కుండలెత్తుకుని లేచారు. పోతూ పోతూ ఒకావిడ, కొత్తవి ఎప్పుడొత్తాయని అడిగింది. “రెండేళ్లలో వచ్చేత్తాయి” అన్నాడు బావ.

ఆ రెండేళ్లు ఇంకా కాలేదు. మేనత్త పోయింది. బావ రిటైరై కొబ్బరితోట చూసుకుంటున్నాడు. ఫైబర్ తెప్పలు వచ్చాక, పాత నావ పేరు కొత్తదానికి పెట్టే అలవాటు కూడా మా ఒడ్డున తగ్గిపోయింది. మొన్న బస్సు దిగి వెళ్లేసరికి బావ అరుగు మీదే ఉన్నాడు. టీవీలో చూసింది చెప్పాను. “టీవీలో మా నంబరేటైనా సెప్పారేట్రా?” అన్నాడు. “మీ నంబరు ఇచ్చేశారు బావా, కొత్త విమానాల మీద గద్దబొమ్మ కూడా వేశారు” అనాలని నోటిదాకా వచ్చింది. ఉద్దానమంతా కొబ్బరికాయలు రాల్పించినవాణ్ణి, ఆ ఒక్క కోత మాత్రం కోయలేకపోయాను.