అప్పలస్వామి మేస్త్రీ ఒప్పుకున్న తప్పు

మొన్న ఇన్వర్టరుకి నీళ్ళు పోద్దామని బ్యాటరీ మూతలు విప్పాను. పుల్లటి ఆసిడ్ వాసన గుప్పుమని తగిలి గొంతు గరగరలాడింది. దానితోపాటే అప్పలస్వామి మేస్త్రీ గారు గుర్తొచ్చారు. డెబ్బైల చివర్లో ఆయనకి మల్కాపురంలో బ్యాటరీ షాపుండేది. లారీలవి, ఇంజను పడవలవి ఛార్జింగుకి వచ్చేవి. డిప్లమా చదివి రెండేళ్ళు ఖాళీగా తిరిగిన నన్ను పనిలో పెట్టుకుని, పేరు పక్కనపెట్టి 'డిప్లమో' అని పిలిచేవారు. ఆయన చదివింది మూడో తరగతి. ఈయన నాకు నేర్పేదేముందిలే అనుకునేవాణ్ణి. అంత పొగరు నాకు.

బ్యాటరీలన్నీ ఒకటి కావని ఆయన చెప్పిన రోజు బాగా జ్ఞాపకం. ఎదురుగా హమాలీలు లారీకి బస్తాలెత్తుతున్నారు. టీ తాగుతూ అటు చూపించారు.

"ఏటి డిప్లమో, ఆడ్ని సూసినావా? క్వింటాలు బస్తాతో నాలుగంగల్లో లారీ ఎక్కేత్తన్నాడు. అదే బస్తా మద్దిలపాలెం దాకా మొయ్యమంటే మోత్తాడేటి?"

"మొయ్యలేడండి."

"ఇంజను బేటరీ అంతే. లోపల పలకలు పల్చన. ఒక్క తోపు గట్టిగా తోసేత్తాది. గంటలకొద్దీ లాగితే సచ్చూరుకుంటాది. దీపాలకైతే మందం పలకలది కావాల. అది నెమ్మదిగా ఇత్తాది, తెల్లార్లూ ఇత్తాది."

తలూపాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

తర్వాత కొన్నాళ్ళకి మేస్త్రీ గారు పెళ్ళికని ఊరెళ్ళినప్పుడు యారాడ నుంచి ఎల్లాజీ వచ్చాడు. ఇంజను పడవ వాడిది. ఇంజను ఆపి వలేసుకుని కూర్చున్నప్పుడు వెలుతురుకి రెండు లైట్లు కావాలట. "ఇంజను బేటరీకే తగిలించీమంటావా బాబూ?" అని అడిగాడు. ఇంజను తిప్పడానికి మూడువందల ఆంపియర్లిచ్చే బ్యాటరీకి, ఐదారు ఆంపియర్ల లైట్లొక లెక్కా అనిపించింది. నా చేత్తోనే తగిలించాను.

మూడోరోజు పొద్దున్న మేస్త్రీ గారు ఊర్నించి వచ్చి షాపు తెరిచేసరికి కబురొచ్చింది. వేటకెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చాయి, ఎల్లాజీ పడవ రాలేదు. అందులో నలుగురున్నారు. చేసిందంతా చెప్పేశాను. చిన్నదానికే తిట్ల దండకం అందుకునే మనిషి ఆ రోజు మాత్రం షాపు మూసి, నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని చేపల రేవుకి తీసుకెళ్ళారు.

రేవులో ఎల్లాజీ భార్య పోలమ్మ చంకలో పిల్లతో సముద్రం కేసే చూస్తోంది. మేస్త్రీ గారు తిన్నగా ఆమె దగ్గరికెళ్ళి తలపాగా తీశారు.

"తప్పు నాదే అమ్మా. ఈ కుర్రోడికి బేటరీ సంగతి నాను తప్పు సెప్పినాను."

నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కారు. ఆమె తిట్టింది. దుమ్మెత్తి పోసింది. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డారు. మధ్యాహ్నం దాకా ఆమె పక్కనే నిలబడ్డారు.

చివరికి ఇంకో పడవ తాడు కట్టి ఎల్లాజీ పడవని లాక్కొచ్చింది. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి, ఇంజను తిరగక, గాలికి కొట్టుకుపోయారట. మేస్త్రీ గారు వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టారు. నాలుగు. అప్పుడు చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపటికి కండువాతో మొహం తుడుచుకుని నావైపు తిరిగారు.

"పొద్దున్నించి ఏటీ తినలేదు కదరా. పద, తిందాం."

ఇన్నేళ్ళలో నన్నెవరూ అంతలా క్షమించలేదు. క్షమించానని కూడా ఆయన అనలేదు, అన్నం పెట్టించారంతే.

ఆయన పోయిన రోజు పోలమ్మ వచ్చింది. నన్ను పట్టుకుని ఏడుస్తూ, "ఆ ఒక్కపాలే తప్పు సేసినాడు బాబూ. అయినా మంచోడు" అంది. ఆ తప్పు నాదమ్మా అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. పిరికివాణ్ణి, మింగేశాను. ఇప్పుడు పోలమ్మా లేదు. ఇక ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. అప్పలస్వామి మేస్త్రీ గారు నాకు సరిగ్గానే చెప్పారు, వినకుండా ఆ పడవకి లైట్లు తగిలించింది నేను.