దర్జీ తొక్కిన రెండో మిషను

వీధి మలుపులోని దర్జీకి కాళ్లు రెండూ కుట్టుమిషనుకే రాసిపెట్టి ఉన్నాయనేవారు. ముప్పై ఏళ్లు తొక్కాడు పాపం, అంగుళం ముందుకు కదిలింది లేదు. అందుకే బావమరిది షెడ్డులో, సిమెంటు బస్తాల కింద, మామగారి పాత మోటారుసైకిలు కనబడ్డ రోజున ఆయనకు అన్నం సయించలేదు. బతుకులో తొక్కితే కదిలేది ఒక్కటైనా ఉండాలని పట్టుబట్టాడు.

బావమరిది మాటను కూడా తూచి ఇచ్చే రకం. నెల రోజులు గడువు, ఆఖరి ఆదివారం పన్నెండు కొట్టేలోగా స్టార్టయితే బండి బావది, లేదా పాతసామాన్లవాడిది అన్నాడు.

ఆ నెలంతా ఇల్లు ఇల్లులా లేదు. ముందుగదిలో ఇంజను, మంచం కింద చక్రాలు. ఊడదీసిన ప్రతి మరనూ గుండీల డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో మూతల మీద సుద్దతో రాసుకున్నాడు. బిగుసుకుపోయిన పిస్టనుకు వారం రోజులు నూనె పట్టించాడు. తుప్పుపట్టిన ట్యాంకులో నీళ్లూ గులకరాళ్లూ పోసి, మూతి బిగించి, గుడ్డ ఉయ్యాలలో వేసి భార్య చేత ఊపించాడు. కన్నపిల్లల్ని కూడా ఇంతసేపు ఊపలేదని ఆవిడ సణిగింది గానీ, తుప్పు ఎర్రగా దిగడం చూశాక ఆపమన్నా ఆపలేదు. సీటు మాత్రం దర్జీ రెండు వరసలు కుట్టాడు. అది చిరిగేలోపు రోడ్డే అరిగిపోతుంది.

గిరాకీలు గాలికి పోయారు. బండికి కొలతలు తీస్తున్నాడట, మనకేం కుడతాడని వీధంతా నవ్వింది.

ఆదివారం రానే వచ్చింది. పాతసామాన్లవాడు తోపుబండితో, తాడుతో సహా వచ్చి గుమ్మం ముందు కూర్చున్నాడు. దర్జీ కిక్కు కొట్టాడు. బండి ఉలకలేదు, పలకలేదు. ప్లగ్గు తీసి చూస్తే నిప్పురవ్వ వస్తోంది. ట్యాంకులోంచి పెట్రోలు దిగుతోంది. అయినా ప్లగ్గు మొన ఎండుటాకులా పొడిగా ఉంది. మధ్యలో ఏ దొంగ తాగుతున్నాడో అర్థం కాలేదు. నలభైసార్లు కొట్టేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. బావమరిది గోడకు ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు. పదకొండున్నర.

సరిగ్గా అప్పుడే పంతులమ్మ దిగింది. కిటికీ తెరలకని ఆవిడ ఇచ్చిన ఆకుపచ్చ గుడ్డలో తెరలు వచ్చాయి, మిగిలిన మూరెడు ముక్క రాలేదు. దర్జీ కత్తెర దాటిన గుడ్డ తిరిగి రాదని లోకమంతా సర్దుకుంది గానీ, ఆవిడ సర్దుకునే మనిషి కాదు.

"అన్నయ్యా, లెక్క నాకూ వచ్చు. మూరెడు మిగలాలి."

"ఇప్పుడు కాదమ్మా, నీకు దండం పెడతా."

"నీ దండాన్ని తెరకి అతుకేసుకోనా? ఎందులో కుక్కావో చెప్పు, తీసుకుని పోతా."

దర్జీ కాలు కిక్కు మీదే ఆగిపోయింది. కార్బురేటరు విప్పిన రోజున, లోపలికి దుమ్ము పోకూడదని, ఇంజను మూతిలో చేతికందిన గుడ్డముక్క ఉండచుట్టి కుక్కాడు. మళ్లీ తియ్యకుండానే పైన కార్బురేటరు బిగించేశాడు. నోట్లో గుడ్డ కుక్కితే ఎవరు మాత్రం పలుకుతారు?

గబగబా మరలు విప్పి, భార్య తలపిన్నుతో లాగితే, ఆకుపచ్చ గుడ్డ మూరెడూ పాములా బయటికి వచ్చింది. పంతులమ్మ రెండు వేళ్లతో ఎత్తి చూసి, రంగు మారినా ఇది తనదేనని తేల్చింది.

మళ్లీ అన్నీ బిగించేసరికి పన్నెండుకు నాలుగు నిమిషాలు. మొదటి కిక్కుకు బండి దగ్గింది. రెండోదానికి తుమ్మింది. మూడోదానికి కిటికీ అద్దాలు అదిరాయి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పాతసామాన్లవాడే. బావమరిది గడియారం చేతిని జేబులో పెట్టేసుకున్నాడు.

భార్య చేతులు తుడుచుకుని వెనకెక్కింది. బండి కదిలింది, ఆగింది, కదిలింది, ఆగింది. ముప్పై ఏళ్ల అలవాటు మరి, ఆయన కాలు బ్రేకును కుట్టుమిషనులా తొక్కుతోంది.

"ఏమండీ, ఆ కాలిని కాస్త ఊరుకోబెట్టండి," అంది ఆవిడ భుజం పట్టుకుని. "ఇది దానంతటదే పోతుంది."