లక్ష్మిగారి నోటికి పరీక్ష

లక్ష్మిగారి గొంతు తెనాలిలో వాళ్ల వీధి వీధంతటికీ తెలుసు. అది పోట్లాడే గొంతు కాదు, జాగ్రత్త చెప్పే గొంతు. ఎదురింటాయన స్కూటరు స్టాండు తీస్తే చాలు, వరండాలోంచి "బాబూ, మెల్లిగా! నేల తడిగా ఉంది!" అని వినిపిస్తుంది.

కోడలు హాసిని స్కూల్లో లెక్కల టీచరు కావడంతో మనవరాలు లిఖితను పెంచింది ఆవిడే. పిల్ల తూలితే చాలు, కిందపడకముందే అందుకునేది. ఎప్పుడైనా అందుకోలేకపోతే, పాపను కొట్టిందని నేలను రెండు దెబ్బలు కొట్టి, ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసేది. అందుకే ఏడేళ్లొచ్చినా లిఖితకు పడి లేవడమంటే ఏమిటో సరిగ్గా తెలియదు.

అలాంటి ఇంట్లో ఈసారి సెలవులకు మనాలి వెళ్లి మంచు మీద స్కీయింగ్ చేయాలని కొడుకు రవిశంకర్ నిర్ణయించాడు. అందరికంటే ఎక్కువ సంబరపడింది లక్ష్మిగారే. ఇంటికి మొదటిసారి ఫ్రిజ్ వచ్చినప్పుడు పై అరలో పేరుకున్న మంచును గోకి, అరచేతిలో కరిగేదాకా చూసిన మనిషి ఆవిడ. ప్రయాణం ఖాయం కాగానే మంకీ క్యాపు కొనుక్కుంది, కందిపొడి కొట్టి సీసాకెత్తింది.

ముందుగా పిల్లకు కాస్త అలవాటు చేద్దామని ఒక ఆదివారం బాపట్ల సముద్రం ఒడ్డుకు వెళ్లారు. లిఖిత కాళ్లకు సన్న చెక్కలు కట్టి ఇసుక దిబ్బ మీద నిలబెట్టారు. చెక్కలు ఇసుకలో కూరుకుపోయాయి తప్ప కదల్లేదు. పిల్ల కాస్త ఒరిగిందో లేదో, "అమ్మో, పడిపోతోంది!" అంటూ లక్ష్మిగారు ఒక్క ఉరుకున వెళ్లి పట్టుకుంది. ఆ కేకకే లిఖిత బావురుమంది. ఇంక ఎంత బతిమాలినా చెక్కలెక్కలేదు.

మర్నాడు రవిశంకర్ మనాలిలో స్కీయింగ్ నేర్పే వినోద్ కుమార్‌తో ఫోన్లో మాట్లాడి, నసుగుతూ తల్లి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, కోప్పడనంటే ఒకటి చెప్తా."

"చెప్పరా, ఏంటి?"

"పిల్లలకి ముందు పడటం నేర్పాలంట. పక్కకి కూర్చున్నట్టు పడి, వాళ్లంతట వాళ్లే లేవాలంట. పక్కన కంగారుపడి అరిచేవాళ్లుంటే బిగుసుకుపోతారంట."

"అయితే?"

"అయితే... నువ్వు ఆ వారం రేపల్లెలో పిన్నివాళ్లింట్లో ఉంటే..."

లక్ష్మిగారు కొత్త మంకీ క్యాపును చేతిలోకి తీసుకుంది. దాన్ని మడతపెడుతూ, "నేను అరవకుండా ఉంటేనో?" అంది.

"నువ్వా!" అని రవిశంకర్ నవ్వాడు.

"నవ్వుతారేంటండీ? అత్తయ్యకీ ఒక పరీక్ష పెడదాం. నెగ్గితే మనతో వస్తారు," అంది హాసిని.

పరీక్ష భట్టిప్రోలులో, లక్ష్మిగారి తమ్ముడు వెంకటకృష్ణయ్య పొలం దగ్గర. ఆయన అరటి బోదెల నుంచి దొప్పలు ఊడదీసి, నీళ్లలో ముంచి, అరటి నారతో లిఖిత బూట్ల కింద కట్టాడు. కాలవ గట్టుకు పొలం వైపున్న వాలు మీద గడ్డి ఇంకా మంచుకు తడిసే ఉంది.

"అక్కా, ఈ చెరుకు ముక్క నములుతా ఉండు. నోరు ఖాళీగా ఉండదు," అన్నాడు ఆయన.

"నా నోరు నా మాట వింటుందిలేరా."

"ఎప్పుడు వింది గనక!"

లిఖిత జారింది. నాలుగు బారలు కూడా పోకుండానే పక్కకు పడింది. లక్ష్మిగారు పైట కొంగు నోట్లో కుక్కుకుంది. గడ్డిలో కూలబడ్డ పిల్ల మోకాలి వంక చూసుకోలేదు, తిన్నగా నానమ్మ మొహంలోకే చూసింది. దెబ్బ ఎంత తగిలిందో అక్కడ రాసి ఉన్నట్టు. లక్ష్మిగారికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ పిల్ల ఏడ్చింది తన మొహం చూసా? కొంగు నోట్లో ఉండగానే ఎలాగో నవ్వింది.

"పైట తింటున్నావేంటి నానమ్మా!" అని పకపకా నవ్వుతూ లేచింది లిఖిత.

ఆ తర్వాత పిల్ల ఎన్నిసార్లు పడిందో! పడ్డప్పుడల్లా లక్ష్మిగారు గుప్పెళ్లతో గడ్డి పీకింది తప్ప కిక్కురుమనలేదు.

"మోకాళ్లు వంచాలి లిఖితా, ఇదిగో, ఇలాగ," అంటూ రవిశంకర్ తానూ దొప్పలు కట్టుకుని దిగాడు. సగం వాలులో కాళ్లు రెండూ పైకి లేచాయి. దబ్బున పోయి మడిలో బురదలో పడ్డాడు.

"ఓరి నాయనో! నా తండ్రి నడుం విరిగిందిరా దేవుడో!"

ఆ కేకకు పొలంలోని కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గట్టు దిగి పరిగెత్తి, కొడుకును లేవదీయబోయాక గానీ తానేం చేసిందో ఆవిడకు తెలియలేదు. మొహం వాడిపోయింది.

"చూశావా అమ్మా, నేను చెప్పలా?" అన్నాడు రవిశంకర్, చెవిలో బురద తుడుచుకుంటూ.

లిఖిత నడుం మీద చేతులు పెట్టుకుని అడ్డం వచ్చింది. "నేను పడితే నానమ్మ అరవలేదుగా! నువ్వు పడితేనే అరిచింది. నువ్వే పడకుండా ఉండు నాన్నా!"

వెంకటకృష్ణయ్య నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు. "తీర్పు అయిపోయిందండీ," అంది హాసిని.

రవిశంకర్ ఆ బురద చేతులతోనే వినోద్ కుమార్‌కు ఫోన్ చేసి, నలుగురం వస్తున్నామని చెప్పాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు.

"స్కీయింగ్ బూట్లు నీక్కూడా తీసి ఉంచాలా అని అడుగుతున్నాడమ్మా. నువ్వూ జారతావా?"

"నేనా!" అంది లక్ష్మిగారు. అన్నదే గానీ ఆవిడ కళ్లు దొప్పల మీదే ఉన్నాయి. "పడితేనో?"

లిఖిత వచ్చి ఆవిడ వేలు పట్టుకుంది.

"పడితే పడు నానమ్మా. నేను అరవనులే."