ఇద్దరు ఎస్. కొండూరులు, ఒక హాంబర్గ్ ప్రయాణం

హాంబర్గ్‌లో జరిగే మహిళా శాస్త్రవేత్తల సదస్సుకు నేను వక్తనని, జర్మనీలో నేను చదివే ఫ్రైబర్గ్‌లో మా విభాగం నోటీసు బోర్డు చూసి తెలుసుకున్నాను. ఉక్కులో పగుళ్ల మీద నేను రాసిన పరిశోధనా పత్రం పేరు, దాని కింద ‘వక్త: ఎస్. కొండూరు’. నాకు మెయిల్ రాలేదు. గొప్పవాళ్ల ఆహ్వానాలు స్పామ్‌లో పడుతుంటాయని సర్దిచెప్పుకున్నాను, అడగడం పరువు తక్కువనిపించింది. పీహెచ్‌డీ సీటు ఖాళీగా ఉన్న ఒక ప్రొఫెసర్ కూడా వస్తున్నారు. నాకు కావలసింది ఆ సీటే.

ఫ్రైబర్గ్ నుంచి డ్రెస్డెన్‌కు లోకల్ రైలు ముప్పావు గంట. విద్యార్థులకిచ్చే సెమెస్టర్ టికెట్ ఉంటే ఖర్చు లేదు. అక్కడి నుంచి బెర్లిన్ మీదుగా హాంబర్గ్‌కు దాదాపు ఐదు గంటలు. ముందే కొన్నాను కాబట్టి ముప్పై యూరోల్లో వచ్చింది. దారంతా ప్రసంగం గొణుక్కుంటుంటే ఎదుటి సీటు పెద్దావిడ “పరీక్షా?” అంది. “కాదండీ, ఉపన్యాసం” అన్నాను. తన బ్రెడ్డులో సగం తుంచి ఇచ్చింది. ఆ రోజు విజ్ఞానశాస్త్రంలో మహిళలకు దక్కిన గుర్తింపు అదొక్కటే.

హాంబర్గ్‌లో వాన. తడిసి హాలు చేరితే, “కొండూరు బ్యాడ్జీ ఇప్పుడే ఇచ్చేశామే” అంది బల్ల దగ్గరి అమ్మాయి. లోపల ఆ బ్యాడ్జీ మా ల్యాబ్ సీనియర్ శ్రీకాంత్ మెడలో ఉంది. మాకు చుట్టరికం లేదు, ఇంటిపేరు మాత్రం ఒకటే. పత్రంలో మొదటి ఎస్. కొండూరు శ్రావణి, అంటే నేను. కొలిమి వాడటం నేర్పినందుకు రెండో ఎస్. కొండూరు ఆయన. యూనివర్సిటీలో ముందు చేరాడు కాబట్టి ఆ పేరుతో మెయిల్ ఐడీ ఆయనది. నా ఐడీకి చివర ‘2’ అనే అంకె తగిలించారు.

“అన్నా, అది నా పేపరు.”

“మెయిల్ నాకొచ్చింది గదా శ్రావణీ. నేను అడిగిన్నా?”

“ఇది ఆడవాళ్ల సదస్సు.”

“మగోళ్లు రావద్దని రాసిన్రా? ఒకటే ఇంటిపేరు, ఎవరు చెప్తే ఏమైతది?”

“అయితే నేనే చెప్తాను.”

“స్లైడ్లు ఎక్కించేసిన. లొల్లి జెయ్యకు, మనోళ్ల పరువు పోతది.”

మనవాళ్ల పరువును కాపాడుతూ వెనక వరసలో కూర్చున్నాను. ఆయన మాట్లాడాక నిర్వాహకురాలు లేచి, మహిళల కోసం ఇంత దూరం వచ్చే మగవాళ్లు ఇంకా కావాలన్నారు. ఆ రోజంతటికీ పెద్ద చప్పట్లు అప్పుడే మోగాయి.

కాఫీ దగ్గర శ్రీకాంత్ నన్ను ప్రొఫెసర్‌కు ఇంగ్లీషులో పరిచయం చేశాడు, ల్యాబ్‌లో చాలా సాయం చేస్తుందని. “ధైర్యంగా ఉండమ్మా, నువ్వూ ఒకరోజు ఇలాంటి పత్రం రాస్తావు” అన్నారాయన.

“ఇది రాసింది నేనేనండీ.”

ఆయన శ్రీకాంత్ వైపు చూశారు. “అవునవును, అందరి కృషీ” అంటూ కప్పు నింపుకోవడానికి వెళ్లిపోయారు.

నా పేరు ఎవరూ దొంగిలించలేదు. నేను ఒక్క అక్షరం రాసి వదిలేశాను, మిగతాది చదివినవాళ్లు పూరించుకున్నారు. ప్రతిసారీ మగవాడే వచ్చాడు. తిరిగొచ్చాక ఆ సీటుకు దరఖాస్తు పంపితే, భర్తీ అయిపోయిందని మర్యాదగా జవాబిచ్చారు, ‘మిస్టర్ కొండూరు గారికి’ అని. మీరూ ఇలాంటి సదస్సుకు బయల్దేరుతుంటే ఒక్క సలహా: పత్రం మీద పేరు పూర్తిగా రాయండి, రైలు టికెట్ మాత్రం రద్దు చేసుకోగలిగేది కొనండి.