పుస్తకం మీద చెయ్యి పెట్టి

మా పాప చదివే బడిలో లైబ్రరీ అంటే ఒక బీరువా. హెడ్మాస్టరు గదిలో, మధ్యాహ్న భోజనానికి తెచ్చిన కోడిగుడ్ల అట్టల వెనక ఉంటుంది. ఐరాల దగ్గరి ఈ ఊరికి కాపురానికొచ్చి పదేళ్లయినా, అందులో ఏముందో పోయిన ఏడాది దాకా నాకు తెలియదు. తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి వెళ్లిన రోజు బీరువా తలుపు సందులోంచి పుస్తకాల రంగురంగుల అట్టలు కనిపించాయి. కొన్ని కట్టలకు కట్టిన దారం కూడా విప్పలేదు.

"పిల్లలకు ఇవ్వరా సార్?" అని అడిగాను.

"ఇస్తే చించేస్తారుమా. రేపు ఎవరన్నా వచ్చి చూస్తే సమాధానం చెప్పాల్సింది నేనే గదా," అన్నారాయన. చెడ్డమనిషి కాదు. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. గుడ్లు ఉడికాయా, వాటి ఫోటోలు ఫోనులో ఎక్కాయా అని చూసుకోవడానికే ఆయనకు పొద్దు సరిపోతుంది. అయినా నాకు కోపమొచ్చింది. తిరుపతిలో మా అక్క కూతురిది మా పాప వయసే. ఫోనులో మాట్లాడితే చాలు, ఏదో కొత్త పుస్తకంలో చదివిన సంగతి చెబుతుంది. మా పాప నాలుగో తరగతికొచ్చినా పాఠ్యపుస్తకం తప్ప ఇంకోటి పట్టుకోలేదు. నేను డిగ్రీ చదివి ఏం లాభమని రోజూ లోపల పీకుతూనే ఉండేది.

మూడుసార్లు తిరిగి, చిరిగితే నాదే బాధ్యత అని చెప్పి, ప్రతి శుక్రవారం చివరి పీరియడులో పిల్లలకు పుస్తకాలివ్వడానికి తాళంచెవి సంపాదించాను.

మొదటి నెల బాగానే గడిచింది. మా పాప మంచం కింద దూరి బోర్లా పడుకుని చదివేది. తనలో తనే నవ్వుకునేది. పిలిస్తే పలికేది కాదు. ఆ పలకకపోవడమే నాకు పండగలా ఉండేది. కానీ మిగతా పిల్లలు ఎప్పుడూ ఓ నాలుగు పుస్తకాలే తీసేవాళ్లు. దయ్యం బొమ్మ ఉన్నదొకటి, ఏనుగుదొకటి, పది పేజీల సన్నవి రెండు. వాటి కోసం జుట్లు పట్టుకునేవాళ్లు. చీమల గురించి, సముద్రం గురించి, సబ్బు ఎట్లా తయారవుతుందో చెప్పే పుస్తకాలు ఎట్లా ఉన్నవి అట్లే ఉన్నాయి. చూసి చూసి విసుగొచ్చి ఒక నియమం పెట్టాను. చదివిన పుస్తకం మళ్లీ తీయకూడదు. వారానికొక కొత్తది తీసుకోవాలి, తిరిగిచ్చేటప్పుడు అందులో ఏముందో నిలబడి చెప్పాలి.

దాంతో అందరూ బొమ్మలు చూసి కథలు అల్లడం మొదలుపెట్టారు. ఒక శుక్రవారం ఐదో తరగతి అమ్మాయి ఒంటెల పుస్తకం తెచ్చిచ్చింది.

"ఒక ఒంటె సంతకు పోయిందాంటీ. ఆడ దానికి ఇంకో ఒంటె కనిపించింది. రెండూ పెండ్లి చేసుకున్నాయి."

ఆ పుస్తకంలో సంతా లేదు, పెండ్లీ లేదు. ఎడారిలో ఒంటె నీళ్లు లేకుండా ఎట్లా బతుకుతుందో ఉంది. ఆ రోజు నాకు ఉదయం నుంచీ తలనొప్పి. నోరు జారాను.

"పుస్తకం మీద చెయ్యి పెట్టి, కాణిపాకం వినాయకుని మీద ప్రమాణం చేసి చెప్పు. చదివినావా?"

ఆ పిల్ల చెయ్యి చాపి, పుస్తకానికి జానెడు దూరంలో ఆపి, వెనక్కి తీసుకుంది. "లేదాంటీ. చదవలేదు," అంది నేల చూస్తూ.

నేను గెలిచాననుకున్నాను. మా వైపు పొలం తగాదా అయినా, దొంగతనం అయినా, పెద్దమనుషుల మధ్యస్థంలో తేలకపోతే "పద కాణిపాకానికి" అంటారు. తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధం చెప్పినవాడికి మంచి జరగదని నమ్మకం. ఆ మాట వింటేనే పెద్ద పెద్ద మగవాళ్లు ఒప్పేసుకుంటారు. పిల్లలెంత?

తరువాతి వారం నేను అడగకముందే పిల్లలే మొదలుపెట్టారు. వరసగా నిలబడి, కాణిపాకం వైపు తిరిగి, అట్ట మీద చెయ్యి పెట్టి "వినాయకుని మీద ఒట్టు, మొత్తం చదివినా" అనడం. నేను ఆపలేదు. ఆపకపోగా, అందరూ నిజంగా చదువుతున్నారని మా అక్కకు ఫోను చేసి గొప్పలు చెప్పుకున్నాను. విన్న మా ఆయన, "పిల్లకాయల చదువు కాదుమే నీ బాధ, మీ అక్కే నీ బాధ," అన్నాడు. ఆయన మీద కూడా అరిచాను.

మూడో శుక్రవారం బీరువా తెరిస్తే ఒక్కరూ లేవలేదు.

"ఏం, ఎవరికీ వద్దా?"

"ఇంటికాడ పనుండాదాంటీ." "కండ్లు మండతాండాయి." "మాయమ్మ వద్దనింది."

ఎవరికి వాళ్లు ఏదో ఒకటి చెప్పారు. అసలు సంగతి మరుసటి రోజు పొద్దున్నే మా వాకిట్లోకి నడిచొచ్చింది. ఒంటెల పుస్తకం పిల్ల అవ్వ. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం పాపా, పెద్ద సదువు సదివినావంటనే. మాకు గట్టు తగాదా పదేండ్లు నడిసినాది. నిజం మా పక్కే ఉన్నా, గట్టు పోతే పోయిందని ఇడిసిపెట్టినాడు గానీ, మా ఇంటాయన పెమాణానికి పోలేదు. అంత బయపడే మాటమ్మా అది. నువ్వేమో ఒంటె బొమ్మల పుస్తకానికి నా మనవరాలితో పెమాణం సేయమంటివే!"

క్షమించమన్నాను. ఆమె వినిపించుకోలేదు, లేదా విన్నా చాలదనుకుంది. వెళ్లిపోయింది.

ఇంట్లోకి వస్తే మా పాప కిటికీ దగ్గర కూర్చుని ఉంది. శుక్రవారం తనొక్కతే, నేను బలవంతంగా చేతిలో పెడితే, ఒక పుస్తకం తెచ్చుకుంది. వేలు పెట్టి ఒక్కో మాట కిందా నడిపిస్తూ చదువుతోంది. దగ్గరికెళ్లి చూస్తే అది కథ కాదు. మొదటి పేజీలో అచ్చు వేసినవాళ్ల చిరునామా.

"అదెందుకే చదవడం?"

"మొత్తం చదివినానని చెప్పాల గదమా." వేలు ఆ లైను మీదే ఉంచి అడిగింది. "ఆవులింత వచ్చినప్పుడు ఒక లైను పోయింటే ఏమవుతుందిమా? కండ్లు పోతాయా?"

తొమ్మిదేళ్ల పిల్ల. ఎన్ని రోజుల నుంచి ఆ భయం మోస్తోందో నేను గమనించలేదు. ఏమీ కాదని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి, మళ్లీ అక్కడి నుంచే వేలు పెట్టింది. పుస్తకం లాక్కోబోయి ఆగాను. లాక్కుంటే ఇంకో తప్పవుతుంది. ఎవరి మీద విసుక్కోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది.

మరుసటి శుక్రవారం పిల్లలతో చెప్పాను. ప్రమాణం లేదు, నియమం లేదు, ఇష్టమైనది తీసుకోండి అని. ఎవరూ కదల్లేదు.

"మీరు లేదంటే సరిపోతుందా ఆంటీ? చేసినవాళ్లు చేసేసినారు గదా," అన్నాడొకడు.

"నేను రెండు పేజీలు ఒకేసారి తిప్పేసినా. తెలీకుండా," అంది ఇంకో పిల్ల.

"గుంజీలు తీసి తప్పయిందంటే వినాయకుడు ఇడిసిపెడతాడంట. మా నాయన చెప్పినాడు."

"ఎవురు తీయాల?"

అందరూ నా వైపు చూశారు.

కొంగు నడుముకు దోపి, కాణిపాకం వైపు తిరిగి, చెవులు పట్టుకున్నాను. ఇరవై ఒకటన్నారు. పెద్దగా లెక్కపెట్టారు. పదమూడు దగ్గర "అది సరిగ్గా కూర్చోలేదాంటీ, మళ్లా తీయండి," అని దిద్దారు. హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి, చూసి, వెళ్లిపోయారు. పూర్తయ్యాక నవ్వులు మొదలయ్యాయి. ఒంటెల పిల్ల అందరికంటే ముందు బీరువా దగ్గరికెళ్లి, "నచ్చకపోతే సగంలో ఇచ్చేయొచ్చా?" అని అడిగింది. ఇచ్చేయమన్నాను. సముద్రం పుస్తకం తీసుకుంది.

మా పాప తీసుకోలేదు. ఇంటికి నడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఇంక అడగవు గదమా?"

"అడగను."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

అది జరిగి నెల దాటింది. బడిలో పుస్తకాలు పోతున్నాయి, వస్తున్నాయి. కొన్ని చిరిగాయి, అతికిస్తున్నాను. మా పాప మూడు వారాలు వట్టి చేతులతోనే వచ్చింది. పోయిన శుక్రవారం ఎవరూ చెప్పకుండా నత్తల గురించిన పుస్తకం తెచ్చి కిటికీలో పెట్టింది. అది అక్కడే ఉంది. తను దాని పక్కనే కూర్చుని జడ వేయించుకుంటుంది, అన్నం తింటుంది. తెరవడం నేను చూడలేదు. నేను వంటింట్లో ఉన్నప్పుడు తెరుస్తుందేమో, అసలు తెరవడమే లేదేమో. "చదివినావా?" అన్న మాట రోజుకు పదిసార్లు నాలుక చివరిదాకా వస్తుంది. పళ్లు బిగించుకుంటాను.

ఇందాక తనకు దుప్పటి కప్పి వస్తూ పుస్తకం మీద చెయ్యి వేశాను, ఏ పేజీలోనైనా గుర్తు ఉందేమో చూద్దామని. తెరవలేదు. వచ్చి ఇది రాస్తున్నాను.