సైట్ పోతుంది

నాచారం రోడ్డులోని ఒక కంటి ఆసుపత్రిలో నా ఉద్యోగం భయం తీయడం. లేజర్ అనగానే బిగుసుకుపోయే వాళ్ళని కూర్చోబెట్టి, చుక్కల మందు వేస్తారని, నొప్పి ఉండదని, నిమిషాల్లో అయిపోతుందని చెప్పాలి. చివర్లో, "సైట్ పోతుంది, ఇక కళ్ళజోడు అక్కర్లేదు" అనేదాన్ని. ఆ మాటకి అందరూ తేలికపడేవారు.

ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ పెట్టే సంతకం కాగితం ఇంగ్లీషులో ఉంటే నేనే తెలుగు చేశాను. కోస్తా నుంచి వచ్చినదాన్ని, నా తెలుగంటే నాకు కాస్త పొగరు కూడా.

ఒకరోజు మల్లాపూర్‌లో మందుల ప్యాకింగ్ చేసే అమ్మాయి వచ్చింది. పోలీసు ఉద్యోగానికి కళ్ళజోడు అడ్డమట. అందరిలా గబగబా సంతకం పెట్టకుండా వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగింది.

"ఏంది మేడం గిది? అరుదుగా సైట్ పోవచ్చు అని రాసిన్రు. అరుదుగనే పోతదా? మీరు పోతదన్నరు గద!"

నవ్వొచ్చింది. "అది వేరేనమ్మా. అక్కడ పోవడమంటే చూపు పోవడం."

"మరి మీరు పోతదన్నది?"

"అది కళ్ళజోడు నంబరు పోవడం."

"రెండూ సైటేనా?"

మంచికీ చెడుకీ ఒకటే మాట వాడుతున్నానా ఇన్నాళ్ళూ? "పోతే పోనీండి, అందుకేగా వచ్చింది" అని ఆ వాక్యం దగ్గరే నవ్వుతూ సంతకం పెట్టిన ఉప్పల్ మాస్టారు గుర్తొచ్చారు. ఆయనది చమత్కారం అనుకున్నాను. ఆయనకీ అర్థం కాలేదన్నమాట.

పెన్ను తీసుకుని 'సైట్' కొట్టేసి 'చూపు' అని రాశాను. ఆమె మళ్ళీ చదివింది.

"ఇంతసేపు భయం లేకుండె మేడం. ఇప్పుడైతుంది."

భయం తీయాల్సినదాన్ని, నా చేత్తోనే భయం పెట్టాను. తప్పు దిద్దానో, కొత్త తప్పు చేశానో తెలియలేదు. చాలా అరుదని, పరీక్షల్లో సరిపడని కళ్ళకి అసలు చేయరని మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. ఆమె అన్నీ విని, అమ్మకి చెప్పి వస్తానని వెళ్ళింది. రాదనుకున్నాను. మర్నాడే వచ్చి సంతకం పెట్టింది.

ఆపరేషనైన తెల్లారి చెకప్ గదిలోంచి కేక వినిపించింది.

"మేడం, పోయింది!"

పరుగెత్తుకెళ్ళి, "ఏది పోయింది?" అని అరిచాను.

ఆమె నవ్వుతూ గోడగడియారం చూసి నాకు టైము చెప్పింది.